పగటి చీకటి

రేచీకటి యను మాట నెఱుగని తెలుగువారు లేరు. ప్రొద్దు గ్రుంకగానే బిడ్డ తడుముకొనుచు నడచినయెడల, పాతకాలపు పెద్దలు దాని పేరు చెప్పి, ఆకుకూరయో మేక కార్జమో పెట్టుమని తల్లికి చెప్పుచుండిరి. దీనికి సరిగా ఎదురైన వ్యాధి యొకటి కలదని మాత్రము ఎక్కువమంది వినియుండరు. మసక వెలుతురులో చక్కగా నడచిన బిడ్డ పట్టపగలు తడుముకొనును. మన వాడుకలో దీనికి పేరు లేదు. పగటి చీకటి యనవచ్చును.

ఇశ్రాయేలు దేశమున అవాసీ యను జాతి గొఱ్ఱెలు కలవు. వెడల్పైన క్రొవ్వుతోక గలిగి, పశ్చిమాసియా యెండలకు తట్టుకొను ఈ జాతిని అచ్చటి కాపరులు తరతరములుగా మేపుచున్నారు. ఒక మందలోని కొన్ని పిల్లలు పగటివేళ దిక్కు తోచక తిరుగుటయు, ఎదుటనున్న అడ్డును ఢీకొనుటయు కనబడెను. అవే పిల్లలు చీకటి పడిన పిమ్మట తక్కిన గొఱ్ఱెలవలెనే త్రోవ తప్పక నడచినవి. సామాన్యముగా ఇట్టి గొఱ్ఱెవలన కాపరికి నష్టమే. మందతో నడువలేనిది కసాయివాని పాలగును. ఈ గొఱ్ఱెలు మాత్రము పశువైద్యుల దృష్టిలో పడినవి. హీబ్రూ విశ్వవిద్యాలయపు వైద్యులును అచ్చటి వ్యవసాయ పరిశోధకులును వాటిని పరీక్షించి, 2010లో కారణమును ప్రకటించిరి. సి.ఎన్.జి.ఏ.3 అను జన్యువులో ఒక్క అక్షరము మారియుండెను. మనుష్యులలో ఈ వ్యాధిని కలిగించు జన్యువులలో అదియు నొకటి.

మనుష్యులలో ఇది సుమారు 30,000 మందిలో ఒకరికి పుట్టుకతోనే వచ్చును. అట్టి బిడ్డకు రంగులు తెలియవు. ఎండలోనికి వచ్చినంతనే కన్నులు మూసికొనును. నల్లబల్లమీది అక్షరము కనబడదు. కనుగ్రుడ్లు నిలకడలేక అదరుచుండును. అయితే సాయంకాలపు మసక వెలుతురులో ఆ బిడ్డ తోటివారితో పరుగెత్తి ఆడుకొనగలడు. ఇక్కడనే అన్యాయము మొదలగుచున్నది. చీకటిలో ఆడుకొనువాడు పగలు పాఠము చదువలేననుట నటన యని ఉపాధ్యాయుడు తలంచును. కంటి వెనుకటి పొర పైచూపునకు చాలమట్టుకు బాగుగానే యుండుటచేత, తొందరపడి చూచిన వైద్యుడును ఏ దోషమును లేదని పంపివేయవచ్చును. గ్రుడ్డివాడని తెలిసిన బిడ్డపై లోకము జాలిపడును. నటించుచున్నాడని అనుమానింపబడిన బిడ్డకు దెబ్బలు తగులును.

వ్యాధి ఎక్కడ నున్నదో తెలిసికొనవలెనన్న కంటి పని కొంత తెలియవలెను. కంటి వెనుకగోడకు లోపల పొరవలె పఱచుకొనియున్న నేత్రపటలమునకు రెటీనా యని పేరు. అందు వెలుతురును గ్రహించు కణములు ముఖ్యముగా రెండు విధములు. దండమువంటివి దాదాపు 12 కోట్లు. శంకువువంటివి దాదాపు 60 లక్షలు. దండకణములు మసక వెలుతురుకొరకును, శంకుకణములు పగటి చూపుకొరకును, రంగులకొరకును ఏర్పడినవి. దండకణముల సున్నితత్వము అద్భుతమైనది. 1979లో బేలర్, లాంబ్, యౌ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు గోదురుకప్ప కంటిలోని ఒకే దండకణపు కొనను సన్నని గాజుగొట్టములోనికి పీల్చి, ఒక్క కాంతిరేణువు తగిలినప్పుడు అది చూపిన విద్యుత్తు మార్పును కొలిచిరి. ఇంత సున్నితమైన కణము పట్టపగటి వెలుతురును భరింపలేదు, ఉక్కిరిబిక్కిరియై మూగపోవును. ఆ వేళకు పని శంకుకణముల చేతికి మారవలెను. శంకుకణములు పనిచేయనివానికి పగలు ఏ దిక్కును లేదు. అతనికి వెలుతురే తెరయగుచున్నది.

శంకుకణములు ఏల పనిచేయవు? ప్రతి కణమునకును చుట్టు ఒక పలుచని పొర కలదు. సోడియము, కాల్షియము మొదలైన లవణములు నీటిలో కరగినప్పుడు విద్యుదావేశముగల రేణువులుగా, అనగా అయాన్లుగా, విడిపోవును. అవి ఆ పొరను తమంతట తాము దాటలేవు. వాటికొరకు పొరలో అచ్చటచ్చట మాంసకృత్తులతో కట్టబడిన ద్వారములున్నవి. వీటినే అయాన్ ఛానెళ్లు అందురు. దండకణముల ద్వారములను తెరచియుంచు సందేశకుడు కణము లోపలనే యుండు సైక్లిక్ జి.ఎం.పి. యను చిన్న పదార్థమని 1985లో సోవియట్ శాస్త్రజ్ఞుడు ఫెసెంకోయు ఆయన సహచరులును కనుగొనిరి.

ఇందు ఆశ్చర్యమేమనగా, ఈ ద్వారములు తెరచియుండునది చీకటిలో. అప్పుడు అయాన్లు లోనికి ప్రవహించుచుండును. కణము తన ప్రక్కకణమునకు ఎడతెగక రసాయనమును అందించుచుండును. వెలుతురు తగిలినప్పుడు లోపలి సందేశకుడు నశించును, ద్వారములు మూసికొనును, ప్రవాహము తగ్గును. ఆ నిశ్శబ్దమే మెదడునకు పోవు వార్తకు మొదలు. వెలుగు వచ్చి కణమును మేలుకొలుపునని మనము తలంతుము. నిజమునకు అది చీకటిలో శ్రమించి వెలుగులో విశ్రమించుచున్నది. ఈ సంగతి మొదట విన్నవారు ఎవరైనను ఇంకొకసారి చెప్పించుకొనక మానరు.

1989లో జర్మనీలో కౌప్ అను శాస్త్రజ్ఞుని బృందము ఎద్దు కంటినుండి తీసిన దండకణ ద్వారపు నిర్మాణ లిపిని చదివెను. తరువాతి పదియేండ్లలో శంకుకణ ద్వారము రెండు రకముల ఖండములతో కట్టబడునని తెలిసెను. ఒకదానికి సి.ఎన్.జి.ఏ.3, మరియొకదానికి సి.ఎన్.జి.బి.3 అను జన్యువులు మూలములు. వీటిలో ఏది చెడినను ద్వారము సరిగా నిలువదు. వెలుతురు వచ్చినను మూయుటకు తెరచిన తలుపే లేదు గనుక, ఆ కణము చెప్పదగిన వార్త ఏదియు నుండదు. ఇంత పరిశోధనయు బిడ్డలకు చూపు తెచ్చుట కని మొదలుపెట్టినది కాదు. కప్ప కంటిలో, ఎద్దు కంటిలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెనను కోరికతో మొదలైనది. ప్రయోజనము లేని చదువని దానిని తీసివేసినవారు ఆ కాలమునను లేకపోలేదు.

పుట్టుగ్రుడ్డితనము గలవాని చూచినప్పుడు మనుష్యునికి మొదట తోచు ప్రశ్న చికిత్సను గూర్చినది కాదు. ఎవరి తప్పు? యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో శిష్యులు తమ బోధకుని అడిగినది ఇదియే. అతడు పాపము చేసెనా, లేక అతని కన్నవారు చేసిరా అని. ఆయన ఆ రెండింటిని కాదనెను. అయినను ఆ ప్రశ్న రెండువేల యేండ్లుగా మన వీధులలో చావలేదు. మన యిండ్లలో దానికి రూపము మారినది, అంతే. గ్రహణపు వేళ ఆమె బయట తిరిగినది, ఆ వంశములో ఎవరో శాపము తగిలించుకొనిరి, ఆమె పుట్టినింటివారు సంగతి దాచి పెండ్లి చేసిరి. నింద చివరకు చేరునది తల్లిమీదికే.

జన్యుశాస్త్రము ఈ నిందను వేరుతో పెఱుకుచున్నది. ప్రతి జన్యువును మనకు రెండు ప్రతులుగా వచ్చును, తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. ఒక ప్రతి చెడినను రెండవది బాగున్నయెడల చూపునకు కొరతయుండదు. తల్లిదండ్రులిద్దరు చెడిన ప్రతి ఒక్కొక్కటి కలిగియుండి, బిడ్డకు ఆ రెండును చేరినప్పుడే వ్యాధి కలుగును. కావున తల్లి ఇచ్చినది ఎంతయో తండ్రి ఇచ్చినదియు అంతయే. ఇట్టి దంపతులకు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశము. దీనిని తప్పుగా గ్రహించువారు పెక్కుమంది. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురికి భయము లేదని తలంచుట పొరపాటు. ప్రతిసారియు చీటి క్రొత్తగానే పడును.

దక్షిణ భారతమున మేనరికపు వివాహములు ఎక్కువగుటచేత ఇట్టి వ్యాధులు ఇక్కడ తరచుగా కనబడునని నేత్రవైద్యులు చాలకాలమునుండి చెప్పుచున్నారు. మేనమామకు మేనకోడలిని, మేనత్త కొడుకునకు మేనమామ కూతురిని ఇచ్చుట మన ప్రాంతములలో తరతరముల ఆచారము. క్రైస్తవ కుటుంబములును దీనికి మినహాయింపు కావు. ఒకే తాతనుండి దిగివచ్చిన చెడిన ప్రతి రెండు కొమ్మలలోను దాగియుండి, ఆ కొమ్మలు మరల కలిసినప్పుడు బయటపడును. తెలియక పెండ్లాడినవారికి ఇందు దోషము లేదు. కాని ఇంటిలో ఒక బిడ్డకు ఈ వ్యాధి యున్నదని తెలిసియు, ఆస్తి బయటికి పోకుండుటకో, కట్నము తప్పించుకొనుటకో, అదే యింటి పిల్లను మరల ఆ యింటికే ఇప్పించిన పెద్దల సంగతి వేరు. వారిని పాపులని పిలుచుట కంటె, వైద్యుని యొద్దకు తీసికొనిపోయి కూర్చుండబెట్టుట మేలు. ఏమైనను, నేనెఱుగను అని చెప్పుకొను వీలు వారికి ఇక లేదు. నింద పోయినచోట బాధ్యత వచ్చి కూర్చుండినది. జ్ఞానము ఈ రెండు పనులను ఒకేసారి చేయును.

పసిఫిక్ మహాసముద్రమున పింగెలాప్ అను చిన్న పగడపు దీవి కలదు. 1775 ప్రాంతమున గొప్ప తుపాను దానిని ఊడ్చివేయగా, పిమ్మటి కరవునకును తాళి మిగిలినవారు ఇంచుమించు ఇరువదిమంది. వారిలో ఒకరు, రాజవంశీయుడని చెప్పుదురు, సి.ఎన్.జి.బి.3 జన్యువు చెడిన ప్రతిని మోయుచుండెను. జనము మరల పెరిగెను. వారితోపాటు ఆ ప్రతియు పెరిగెను. నేడు ఆ దీవివారిలో నూటికి 5 నుండి 10 మంది వరకు పగటి చీకటి గలవారు. కారణము 2000 సంవత్సరమున తేలినది. ఆ దీవిలో ఎవరి తప్పని అడుగుదుము? తుపానునా? దానిని తట్టుకొని బ్రదికినవారినా?

1994లో ఆలివర్ సాక్స్ అను నాడీవైద్యుడు ఆ దీవికి వెళ్లెను. ఆయన వెంట క్నుట్ నార్డ్బీ యను నార్వే దేశపు దృష్టిశాస్త్రజ్ఞుడు ఉండెను. నార్డ్బీకి కూడ పుట్టుకనుండి ఇదే వ్యాధి. రంగు నెఱుగని కన్నులతోనే ఆయన చూపును గూర్చి పరిశోధనచేసెను. దీవిలోని పగటి చీకటివారు రాత్రివేళ చేపల వేటలో నేర్పరులని సాక్స్ తన గ్రంథమున వ్రాసెను. మసకగానున్న ఇంటిలో కూర్చుండి వెలుగునీడల తేడాతోనే చాపలో చిత్రములు నేయు స్త్రీని గూర్చియు చెప్పెను. ఇతరుల కన్నులకు ఆ చిత్రములు ఎండలో సరిగా కనబడలేదట. ఇది వినినవారు కొందఱు, వారికి లోపమే లేదు, లోపము మన లెక్కలోనిది అందురు. అందులో కొంత నిజమున్నది. అయితే అదే దీవిలో ఎండలో కన్నులు చికిలించుకొని, పలకపై అక్షరము చూడలేక బడి మానిన పిల్లలును ఉండిరి. వారి నేర్పును మెచ్చుకొని వారి కష్టమును మఱచుట, దూరమునుండి చూచువారికి సులభమైన పని.

ఇక చికిత్స సంగతి. చెడిన జన్యువునకు బదులు మంచి ప్రతిని కణములలోనికి చేర్చుట యను ఆలోచన పాతదే. మోసికొనిపోవుటకు వైరస్ కావలెను. దానిలోని హాని చేయు భాగమును తీసివేసి మంచి జన్యువును ఎక్కించుదురు. 1999 సెప్టెంబరు 17వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున జెస్సీ గెల్సింగర్ అను 18 ఏండ్ల యువకుడు ఇట్టి ప్రయోగములోనే మరణించెను. అతనిది కంటి వ్యాధి కాదు, కాలేయమునకు సంబంధించినది. అదియు తీవ్రరూపమున కాక, పథ్యముతోను మందులతోను అదుపులో నున్నది. అదే వ్యాధితో పుట్టి చనిపోవు పసిబిడ్డలకు మేలు కలుగునని అతడు ముందుకు వచ్చెను. అతని కిచ్చిన వైరస్ శరీరమును అల్లకల్లోలము చేసెను. అంతకుముందు కోతులమీద జరిపిన ప్రయోగములలో కలిగిన మరణములను అంగీకారపత్రమున చెప్పలేదని పిమ్మటి విచారణలో బయటపడెను. ఆ మరణముతో ఈ శాస్త్రమంతయు కొన్ని యేండ్లు తలవంచుకొని నడిచెను.

కంటివైద్యులు వేఱొక వైరస్‌ను, అడినో అసోసియేటెడ్ వైరస్ అను మిక్కిలి చిన్నదానిని ఎన్నుకొనిరి. కన్ను మూసిన గదివంటిది. వేసిన మందు చాలవరకు అందులోనే నిలుచును. ఒక కంటికి చికిత్సచేసి రెండవదానితో పోల్చి చూడవచ్చును. మొదట జయము వచ్చినది లీబర్ అంధత్వమను వ్యాధిలో. ఇది ద్వారములకు సంబంధించినది కాదు. వెలుతురు తగిలినప్పుడు కణములలోని విటమిన్ ఏ రూపము మారిపోవును; దానిని మరల మొదటి రూపమునకు తెచ్చు పనిలో ఆర్.పి.ఇ.65 అను జన్యువు అవసరము. 2001లో ఈ జన్యువు లోపముగల బ్రియార్డ్ జాతి కుక్కలు మూడింటికి మంచి ప్రతిని ఎక్కించి చూపు తెచ్చిరి. బ్రియార్డ్ ఫ్రాన్సు దేశపు గొఱ్ఱెల కాపలాకుక్క. ఒక వ్యాధికి గొఱ్ఱెయు, మరియొకదానికి గొఱ్ఱెల కుక్కయు దారిచూపుట తలంచుకొనదగిన సంగతి. 2008లో లండనులోను ఫిలడెల్ఫియాలోను మనుష్యులపై జరిపిన మొదటి ప్రయోగముల ఫలితములు వెలువడెను. 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము ఆ మందును ఆమోదించెను. అంతవరకు పగటివేళకూడ పట్టుకొని నడిపింపవలసివచ్చిన పిల్లలు కొందఱు చికిత్స పిమ్మట మసక వెలుతురులో తామే త్రోవ చూచుకొనిరి.

మందు వెల ఒక్కొక్క కంటికి 4,25,000 డాలర్లు. రెండు కన్నులకు 8,50,000.

ఈ అంకె దగ్గర ఆగక తప్పదు. ఏలయనగా దీనికి మన హైదరాబాదుతో ఒక సంబంధము కలదు. లీబర్ వ్యాధిలో తెగినది విటమిన్ ఏ గొలుసులోని ఒక లంకె. మన పేదయిండ్లలోని రేచీకటిలో తెగినదియు అదే గొలుసు, మొదటి లంకెవద్ద. తినుటకు విటమినే లేదు. నేత్రపటలములో విటమిన్ ఏ యున్నదని 1933లో కనుగొన్న జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ జ్ఞానమును ఆధారము చేసికొని, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు, ఆరునెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఏ నూనెమందును చెంచాతో పసిపిల్లల నోట పోసినయెడల ఆకలివలన కలుగు గ్రుడ్డితనము నాపవచ్చునని చూపిరి. 1970లో భారత ప్రభుత్వము దానిని దేశమంతటికి పథకముగా చేపట్టెను. ఆ చెంచా మందు వెల కొద్ది రూపాయలు. ఒక్క గొలుసు, రెండు లంకెలు; ఒకదాని వెల పిల్లవాని పలక వెలకు మించదు, మరియొకదాని వెల కొన్ని కోట్ల రూపాయలు.

కావున, ఒకరి కంటికి పెట్టు ధనముతో ఎన్ని వేలమంది పిల్లల కన్నులు కాపాడవచ్చునని లెక్క వేయువారున్నారు. లెక్క సరియైనదే. కాని ఆ లెక్క చూపునంత సత్యమును అది చెప్పదు. ఆకలివలన గ్రుడ్డివారైన పిల్లలు, పరిశోధకులు ధనము వాడుకొనినందున గ్రుడ్డివారు కాలేదు. మందు తెలిసియు, వెల తక్కువయై యుండియు, వారి గుడిసెవరకు దానిని మోసికొనిపోవు మనుష్యుడు లేక గ్రుడ్డివారైరి. లీబర్ వ్యాధిగల బిడ్డకు మందు నిరాకరించినంతమాత్రమున ఆ ధనము నడచి ఆ గుడిసెకు పోదు. పైగా చెంచా మందు సైతము, ప్రయోజనమేమని వాల్డ్‌ను ఎవరును ఆపనందుననే మనకు దక్కినది.

అట్లని వెలను సమర్థింపవలెనా? వలదు. ఈ మందు ఒక్క వ్యాపారసంస్థ పెరటిలో మొలచినది కాదు. కప్ప కంటితో, ఎద్దు కంటితో, కుక్కలతో దశాబ్దములు గడపిన వారి జీతములో పెద్దభాగము ప్రజల పన్నులనుండి వచ్చినది. ప్రయోగమునకు తమ పిల్లల కన్నులను ముందుగా ఇచ్చిన తల్లిదండ్రులు కలరు. గెల్సింగర్ కుటుంబము చెల్లించిన దానికి ఏ లెక్కలోను చోటు లేదు. ఇందఱు పెట్టుబడి పెట్టినదానికి వెల నిర్ణయించునప్పుడు అమ్మువాడును కొనగలవాడును మాత్రమే కూర్చుండుట న్యాయము కాదు. నూరు గొఱ్ఱెలలో తప్పిపోయిన ఒకదానికొరకు వెళ్లిన కాపరి కథను, ఒక్కరి చికిత్స నెంత ఖర్చైనను సమర్థించుటకు చెప్పువారు కలరు. చెప్పవచ్చును. అయితే ఆ కాపరి గొఱ్ఱెను భుజములమీద మోసికొని ఇంటికి వచ్చెనే గాని, మోసిన కూలి గొఱ్ఱెను అడిగినట్లు లేదు.

సృష్టికర్త పనిలో చేయి పెట్టుట కాదా యని సందేహించు విశ్వాసులును ఉన్నారు. వారికి ఒక్క సంగతి తెలియుట మంచిది. ఈ చికిత్స కంటి కణములలోనే నిలిచిపోవును. చికిత్స పొందినవాని బిడ్డలకు ఇది సంక్రమింపదు. 2018లో చైనాలో పిండములోనే జన్యువులను మార్చిన ప్రయోగము పూర్తిగా వేఱు సంగతి. దానిని ప్రపంచ శాస్త్రజ్ఞులే ఖండించిరి. చెడిన కంటికి మందు వేయుటను, పుట్టబోవువారినందఱిని అడుగకుండ మార్చుటను ఒకే త్రాసులో తూచరాదు.

అవాసీ గొఱ్ఱెలకు ఏమైనది? వాటి కంటిలో సి.ఎన్.జి.ఏ.3 మంచి ప్రతిని పెట్టిరి. మంచి వెలుతురులో, అడ్డులు నిలిపిన త్రోవలో వాటిని నడిపించి చూచిరి. చికిత్సకు ముందు అడ్డులకు తగులుచు పోయినవి, పిమ్మట వాటిని తప్పించుకొని నడిచినవి; కొన్ని సంవత్సరముల తరువాతను ఆ చూపు నిలిచెను. కసాయివానికి పోవలసిన గొఱ్ఱె మనుష్యుల బిడ్డలకొరకు పరీక్షకు నిలిచినది. మనుష్యులలో ఫలితము అంత సులభముగా రాలేదు. జర్మనీలో 9 మంది పెద్దవారికి ఒక్కొక్క కంటికి చేసిన చికిత్స ఫలితములను 2020లో ప్రకటించిరి. అపాయము కలుగలేదు, చూపులో కలిగిన మేలు కొద్దిపాటిది. దీనికి మెదడు ఒక కారణము కావచ్చును. చిన్నతనమునుండి శంకుకణముల వార్త విననివాని మెదడు ఆ భాషను నేర్వకయే పెరిగియుండును. ఇదే రకపు వ్యాధిగల కుక్కలలో, చిన్నవయస్సువాటికి మేలు ఎక్కువగా కలిగినదని 2010లోనే తేలెను.

యెరూషలేములో చికిత్స పొందిన కొందఱిని గూర్చి 2023లో ఒక పరిశోధన వెలువడెను. అంతకుముందు వారికి ఎఱుపు, బూడిద వర్ణములకు తేడా లేదు. పిమ్మట చికిత్సచేసిన కంటితో ఎఱ్ఱని గుర్తును చూచినప్పుడు, అది తన వెనుకనున్న నేలనుండి విడిపడి వేఱుగా కనబడుచున్నదని చెప్పిరి. మనము చూచు ఎఱుపునే వారును చూచిరని పరిశోధకులు అనలేదు. దానికి తగిన మాట వారియొద్ద లేదు, మనయొద్దను లేదు. పుట్టుగ్రుడ్డితనము పోయిన మనుష్యుని చుట్టును చేరి, ఎట్లు జరిగెనని మరల మరల గ్రుచ్చి అడిగిన పొరుగువారికి అతడు చెప్పిన జవాబు ఎంత పొట్టిదో, దానితో వారు ఎంత అసంతృప్తి చెందిరో ఆ సువార్త చదివినవారికి గుర్తుండును.

ఈ చికిత్స మన ఊళ్లకు వచ్చుటకు ఎంతకాలము పట్టునో చెప్పలేము. అంతవరకు పగటి చీకటిగల బిడ్డకు చేయగలిగినవి కొన్ని ఉన్నవి. వాటికి డాలర్లు అక్కరలేదు. ముదురు ఎఱుపు అద్దముల కన్నద్దములు వెలుతురును తగ్గించి చూపునకు సాయపడును. అంచు వెడల్పైన టోపీ మేలు చేయును. చిన్న అక్షరములకు భూతద్దము, పెద్ద అచ్చుతో పుస్తకము, ప్రశ్నపత్రము కావలెను. రంగుపెన్సిళ్లపై వాటి పేర్లు వ్రాసి అంటింపవచ్చును. బడిలో కిటికీవైపు ముఖముపెట్టి కూర్చున్న బిడ్డను లేపి, కిటికీకి వీపు ఆనించి, నల్లబల్లకు దగ్గరగా ముందుబల్లమీద కూర్చుండబెట్టవలెను. ఆటల గంట మిట్టమధ్యాహ్నమున కాక, ఎండ వాలిన పిమ్మట పెట్టగలిగినయెడల, ఆ బిడ్డయు తోటివారితో కలిసి పరుగెత్తును.